వెంగయ్య కడుపులో ఏమీ లేదు

ముందే ఒక సంగతి చెప్పేస్తాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. ఇందులో చిట్కాలు లేవు. మా తమ్ముడి కొడుకు ఈ మధ్యనే డాక్టరీ పాసై ఒక పల్లెటూరి ఆసుపత్రిలో చేరాడు. "పెదనాన్నా, నీ అనుభవాలు రాసిపెట్టు, మా బోటివాళ్లకు పనికొస్తాయి" అని నా ప్రాణం తోడేస్తున్నాడు. సరే, రాస్తున్నాను. నా బదిలీలూ ప్రమోషన్లూ ఎవరికీ అక్కర్లేదు. జ్వరాలు, తేలుకాట్లు, నారికురుపులు, కాన్పులు కాస్త అటూ ఇటూగా మీరు పుస్తకాల్లో చదువుకున్నట్టే ఉంటాయి. నేను రాయదలచుకున్నది కడుపు గురించి. ఉద్యోగం చేసినన్నాళ్లూ చూసి చూసి, చివరికి నాకు బోధపడకుండా మిగిలిపోయిన అవయవం అదొక్కటే.

సీసాలు పట్టుకొచ్చేవాళ్లు

మద్రాసు ప్రభుత్వం రోజులు. మార్కాపురం తాలూకాలో ఒక జిల్లా బోర్డు ఆసుపత్రి నాకు అప్పజెప్పారు. జనం దాన్ని ధర్మాసుపత్రి అనేవాళ్లు. రెండు గదులు, ఒక వరండా, నేను, కాంపౌండరు దస్తగిరి. రోగులు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకోవాలి. ఆముదం సీసా, సారా సీసా, ఏది దొరికితే అది కడిగి తెచ్చేవాళ్లు. దస్తగిరి పెద్ద జాడీలోంచి మిక్చరు పోసి, మోతాదు తెలిసేలా కాగితం ముక్కకు గాట్లు కత్తిరించి సీసాకు అంటించేవాడు. ఆ సీసాల్లో సగం కడుపు కోసమే. ఉబ్బరం, పుల్లతేన్పులు, మంట, విరేచనాలు, లేదంటే అసలు విరేచనమే కాకపోవడం. పలకల గనుల్లో దుమ్ము మింగేవాళ్లు దగ్గుతో రావాలి కదా అనుకుంటాం. వాళ్లు కూడా కడుపు పట్టుకునే వచ్చేవాళ్లు.

అంతకుముందు గిద్దలూరులో కొన్నాళ్లు పనిచేశాను. అక్కడ రైల్వే పాయింట్స్‌మన్ ఒకాయన ఉండేవాడు. పెద్దదొర ట్రాలీ మీద తనిఖీకి వస్తున్నాడని తంతి అందితే చాలు, చెంబు పట్టుకుని పరుగు. దొర ట్రాలీ ఊరు దాటిందంటే కడుపు చల్లబడేది. "ఇది రోగం కాదయ్యా, భయం" అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలాగా.

"భయమైతే గుండెకాయ కొట్టుకోవాల గానీ పేగులెందుకు కొట్టుకుంటాయి సామీ?" అన్నాడాయన.

మద్రాసులో చదువుకునే రోజుల్లో నోటి పరీక్ష అంటే నేనూ ఆయనలాగే పరుగెత్తినవాణ్నే. డాక్టరయ్యాక ఆ సంగతి గుర్తు రాలేదు. ఒక సీసా మిక్చరిచ్చి పంపించాను.

పెద్ద డాక్టరు గారి మాట

జిల్లా పెద్ద డాక్టరు గారు ఏడాదికోసారి కర్నూలు నుంచి తనిఖీకి వచ్చేవారు. కత్తి పట్టుకుంటే ఆయన్ని మించినవాడు లేడు. కీలు తప్పిన చేతులు సరిచేయడం, గడ్డలు కోయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆ ఋణం తీర్చుకోలేను. కానీ కడుపునొప్పి వాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. పొట్ట మీద నాలుగు చోట్ల నొక్కి, నాలుక చూసి, "ఏమీ లేదు. ఉత్త భ్రమ. మిక్చరిచ్చి పంపించెయ్" అనేవారు. అంతే, వరసలో తర్వాతి మనిషిని పిలిచేవారు.

ఆ మాట నేనూ పట్టుకున్నాను. ఎంత హాయైన మాట! మనకు కనపడనిది లేనట్టే. మీకూ ఇప్పటికే ఆ మాట నోటికి అలవాటై ఉంటుంది. కానీ రోగికి అది ఎలా వినపడుతుందో తెలుసా? నువ్వు అబద్ధాలకోరువి అని వినపడుతుంది. రాత్రింబవళ్లు నొప్పితో మెలికలు తిరిగేవాడి ముఖం మీద ఆ మాట అంటే వాడు మళ్లీ మీ గడప తొక్కడు. ఇంకో గడప వెతుక్కుంటాడు.

వెంగయ్య

వెంగయ్యది తర్లుపాడు దారిలో ఒక పల్లె. సొంత భూమి ఉన్న రైతు. పొలం పనులు లేనప్పుడు గనుల నుంచి పలకరాయి బండి తోలేవాడు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి తిరుపతమ్మ ఒంటిచేత్తో పెంచి పెద్దచేసింది. భార్య కాశమ్మ పుట్టిల్లు కంభం దగ్గర. ఆ మామకు మగపిల్లలు లేరు, అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకోవాలని ఆశ. ఆ ఆశ సంగతి తిరుపతమ్మకు తెలుసు. ఒకసారి వెంగయ్య తిరణాల పేరుతో అత్తగారింటికి వెళ్లి, నాలుగు రోజులుండి వచ్చాడు. అప్పటి నుంచి కడుపు బాగాలేదు.

"రెండు ముద్దలు తినేతలికి ఏందో గడ్డ మాదిరి పైకి ఎగదన్నుతాది అయ్యా. మూడో ముద్ద దిగదు" అన్నాడు.

అన్నీ చూశాను. గడ్డ లేదు, వాపు లేదు, జ్వరం లేదు. పురుగులేమో అని వాటికి మందు వేశాను. సోడా ఇచ్చాను, మంటకు బిస్మత్తు పొడి ఇచ్చాను. మనిషి మాత్రం వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త చిక్కిపోయి కనిపించాడు. చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. చివరికి విసుగెత్తి, "నీ కడుపులో ఏమీ లేదు వెంగయ్యా" అన్నాను.

"ఏమీ లేకపోతే అన్నం ఎందుకు దిగదు?" అని ముఖం మాడ్చుకున్నాడు.

సరే, పథ్యమన్నా చెబుదామని, కారం, పులుపు, జొన్నసంగటి మానేసి కొన్నాళ్లు మెత్తటి అన్నం, మజ్జిగ తీసుకోమన్నాను. "ఇంట్లో అందరికీ వండేది నీకు వద్దు, నీకు వేరేగా వండించుకో" అని చెప్పాను. ఆ పక్క ఊళ్లలో పథ్యం వండిపెట్టడమంటే తల్లి పని. భార్య చేయి దానిలో పడకూడదు. నేను చెప్పింది మిరపకాయల గురించి. ఊరు అర్థం చేసుకున్నది చేయి గురించి. "డాక్టరే చెప్పినాడంట, కోడలి చేతి కూడు తినొద్దని" అన్న మాట వారం తిరక్కుండా నా చెవిన పడింది. నెత్తి పట్టుకున్నాను.

అంటే కోడలు మందు పెట్టిందనే ఊరి అర్థం. మందు పెట్టడమంటే తెలియని కుర్రవాళ్ల కోసం చెప్పాలి. ఒక మనిషిని తన వైపు తిప్పుకోవాలంటే ఎవరో అన్నంలో ఏదో కలిపి పెడతారని, అది అరగకుండా కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందని ఆ ప్రాంతంలో గట్టి నమ్మకం. దాన్ని కక్కించేవాళ్లు వేరే ఉంటారు. నమ్మనివాడంటూ నాకు కనపడలేదు. క్రైస్తవ మిషను బడి అయ్యవారు ఒకాయన "మా దేవుడు ఇట్లాంటివి ఒప్పుకోడు డాక్టరయ్యా" అంటూనే, లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, తన కడుపులో అదేమన్నా ఉందేమో కాస్త చూడమన్నాడు.

తిరుపతమ్మకు ఇంక సందేహం లేదు. అత్తగారింట్లో తిన్నాడు, వచ్చి పడకేశాడు. కోడలే పెట్టింది. దోర్నాల అవతల అడవి అంచున మందు కక్కించేవాడు ఒకడుంటే కొడుకుని అక్కడికి తీసుకుపోయింది. వాడు ఏదో పసరు తాగించాడు, వెంగయ్య పేగులు బయటికొచ్చేలా వాంతి చేసుకున్నాడు, గడ్డ మాత్రం పడలేదు. "పెట్టిన మనిషి నలుగురిలో తన నోటితో ఒప్పుకుంటే గానీ ఇది కదలదు" అని వాడు చెప్పి పంపించాడు.

కాశమ్మ అడిగిన ప్రశ్న

ఒకరోజు వరసంతా అయిపోయాక కాశమ్మ వచ్చింది. బక్కపలచటి పిల్ల. చేతిలో సీసా లేదు.

"అయ్యా, నేను పెట్టినానని ఒప్పుకుంటే ఆయనకి నయమైతాదా?" అంది.

"నువ్వు పెట్టావా?"

"లేదు."

"మరి పెట్టనిదానికి ఒప్పుకోవడమేమిటమ్మా? ఒప్పుకుంటే నీ గతి ఏమవుతుందో తెలుసా? పెద్దమనుషులు కూర్చుని తెగతెంపులు చేసి పంపించేస్తారు!"

"తెలుసు. ఇట్లనే ఉంటే ఆయన చచ్చిపోతాడు గదా. రెండు ముద్దలతో ఎన్నాళ్లుంటాడు? ఆయన తింటే చాలు. నయమైతాదో లేదో అది చెప్పండి."

లేని మందు ఒప్పుకున్నంత మాత్రాన కడుపు బాగుపడుతుందా? పడదని చెప్పాలి. కానీ ట్రాలీ దొర వస్తే పారే కడుపు, దొర వెళ్తే ఆగే కడుపు నేను చూడలేదా? పడుతుందేమో. పడుతుందని చెబితే ఈ పిల్ల కొంప నేనే కూల్చినట్టు. ఎటూ పాలుపోక అరిచాను. "అట్లాంటి పిచ్చి పనులతో ఏమీ నయం కాదు, ఇంటికి పో!" ఆమె ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయింది. దస్తగిరి మాత్రం, "ఎందుకు సార్ ఆ బిడ్డ మీద అట్ల ఎగిరినారు?" అని నన్ను చివాట్లు పెట్టాడు.

లేని గడ్డ పడింది

ఆమె ఒప్పుకుంది. పెద్దమనుషుల ముందు నిలబడి, "నేనే పెట్టినా" అందట. వెంగయ్యను మళ్లీ దోర్నాల అవతలికి తీసుకువెళ్లారు. ఈసారి పసరు తాగగానే నల్లగా ఉసిరికాయంత గడ్డ పడింది. కక్కించేవాడే దాన్ని అరచేతిలో దాచి పెట్టి, వాంతిలో వేస్తాడని నాకూ తెలుసు, దస్తగిరికీ తెలుసు. కాశమ్మను పుట్టింటికి పంపించేశారు.

కొన్నాళ్లకు మార్కాపురం సంతలో వెంగయ్య కనిపించాడు. చేతిలో మిరపకాయ బజ్జీలు. ముఖం నిండుగా ఉంది, మెడ మీదికి కండ వచ్చింది. "నీ సీసాలతో కానిది వాడు ఒక్క పసరుతో తీసినాడు అయ్యా" అని నవ్వాడు. నా ముందే ఇంకో బజ్జీ నోట్లో వేసుకున్నాడు. సంతోషపడాలా, ఏడవాలా? ఆ పిల్లకు నేను చెప్పింది తప్పని తేలింది. నయమైంది మరి!

దస్తగిరికి చెబితే పగలబడి నవ్వాడు.

"మన మిక్చరుతో పోని గడ్డ, చూసినారా సార్!"

"ఏ గడ్డ? నీ మొహం! అసలు గడ్డే లేదు కదా!"

"అయితే లేని గడ్డకి ఇన్నాళ్లూ మనం ఎందుకు పోసినాం సార్ మిక్చరు?"

ఛీ పొమ్మన్నాను గానీ, ఆ వారమంతా నా మనసు మనసులో లేదు. పుస్తకాలు తిరగేశాను. కడుపుకూ మనసుకూ ఏదో సంబంధం ఉందని ఒకటి రెండు చోట్ల రాశారు గానీ, వెంగయ్య లాంటివాణ్ని ఏం చేయాలో ఒక్కరూ రాయలేదు.

మళ్లీ వచ్చాడు

చలికాలం దాటకముందే వెంగయ్య మళ్లీ మా వరండాలో ఉన్నాడు. మళ్లీ చొక్కా వదులైంది. ఈసారి నవ్వు లేదు.

"మళ్లీ ఎగదన్నుతాంది అయ్యా."

"కాశమ్మ లేదు కదా ఇంట్లో."

"లేదు. ఇప్పుడు వండేది మా యమ్మ ఒక్కతే." ఆ మాట అని తల దించుకున్నాడు. అతని బుర్రలో ఏం తిరుగుతోందో నాకు అర్థమైంది.

ఆ రోజు మొదటిసారి వెంగయ్య పొట్ట నొక్కకుండా మాట్లాడాను. "నీ ఇంట్లో అన్నం తినడం ఎట్లా జరిగేదో మొదటి నుంచీ చెప్పు" అన్నాను. వింతగా చూసి, మెల్లగా మొదలుపెట్టాడు. పెళ్లయినప్పటి నుంచీ తను తింటుంటే తల్లి ఎదురుగా కూర్చునేది, భార్య తలుపు వెనక నిలబడేది. తల్లి చేసిన పప్పు ఒక ముద్ద ఎక్కువ తింటే ఆ పూట కాశమ్మ తినకుండా పడుకునేది. కాశమ్మ చేసిన కూర మెచ్చుకుంటే తల్లి పస్తు. తిరణాల నుంచి వచ్చాక మరీ ఎక్కువైంది. "ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇద్దరూ నా గొంతు దిక్కే చూసేవాళ్లు అయ్యా. మింగలేను, ఉమ్మలేను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు మా యమ్మ ఒక్కతే చూస్తాది. తలుపు వెనకాల ఎవురూ లేరు. ఆ తలుపు దిక్కు చూస్తే ముద్ద దిగదు."

"ఎక్కడన్నా బాగా తింటావా?"

"బండి మీద పోయినప్పుడు దారిలో నేనే మూడు రాళ్లు పెట్టి ఉడకేసుకుంటా. ఆడ ఏం కాదు. ఎంతైనా తింటా."

ఇన్నాళ్లూ ఆ మాట నేను అడగలేదు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి అని అడిగాను గానీ, ఎక్కడ నొప్పి లేదు అని అడగలేదు. మీరు అడగండి. ఈ వ్యాసంలో మీకు పనికొచ్చేది ఏదన్నా ఉంటే ఇదొక్కటే.

"చూడు వెంగయ్యా, నీ నొప్పి అబద్ధం కాదు. కానీ నీకు ఎవరూ మందు పెట్టలేదు. ఆ ఇద్దరి చూపులే నీ గొంతుకు అడ్డం పడ్డాయి" అన్నాను.

"అది మందు కాకపోతే ఇంక మందంటే ఏంది అయ్యా?" అన్నాడు.

వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. నేను గడ్డం గోక్కుంటూ కూర్చున్నాను. కుర్రవాళ్లారా, మీకు ఇప్పుడు పెద్ద పెద్ద పేర్లున్నాయి, మీరేమన్నా చెప్పగలరేమో.

ఆ రోజు సీసా ఇవ్వలేదు. కొన్నాళ్లు ఇంట్లో ఎవరి చేతి వంటా వద్దు, బండి మీద తిన్నట్టే చేలో ఒక్కడివే వండుకుని, వేళకు తిను అన్నాను. తిన్నాక కాసేపు నడువు, పొద్దుపోకముందే పడుకో, చుట్టలు తగ్గించు, మజ్జిగ మానకు అన్నాను. అన్నం తిన్నంతసేపూ కడుపు ఎలా ఉందో చూసుకోవద్దని కూడా చెప్పాను. ఇది వైద్యమా అంటే నాకే నమ్మకం లేదు. పెద్ద డాక్టరు గారు వింటే నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవారు. అయినా మనిషి తేరుకున్నాడు. తేరుకున్నాడంటే పూర్తిగా కాదు. నేను అక్కడి నుంచి బదిలీ అయ్యేదాకా కొన్ని నెలలు బాగుండేది, మళ్లీ ఏదో ఒక గొడవకు ఉబ్బేది. ఇలాంటి కడుపులు ఒక్కసారిగా నయం కావు. వాటితో కాపురం చేయడం నేర్పాలి. ఇదెవరూ మీకు కాలేజీలో చెప్పరు.

తిరుపతమ్మ

వెంగయ్య చేలో వండుకోవడం మొదలుపెట్టిన కొద్దిరోజులకు తిరుపతమ్మ వచ్చింది. మిట్టమధ్యాహ్నం. వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఆమె రాకముందు, వస్తే నాలుగు దులిపేయాలనుకున్నాను. ఆ ముసలి ముఖం చూస్తే నోరు రాలేదు.

"ఏం పెద్దమ్మా, నీకేం బాధ?"

"నాకేం బాధ లేదు. వాడు నా చేతి కూడు తినడం లేదు."

"నేనే చెప్పాను, కొన్నాళ్లు అట్లా ఉండమని."

"అది తెలుసు. ఊళ్లో ఏమంటన్నారో తెలుసునా? ఈసారి తల్లే పెట్టిందంట. కోడలు పోయినాక కొడుకు తన కాలికింద పడి ఉండాలని. వాడు నన్ను ఒక్క మాట అనలేదు నాయనా. నా దిక్కు చూడ్డం మానుకున్నాడు, అంతే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. నేనే పెట్టినానని పెద్దమనుషుల కాడ ఒప్పుకుంటే వాడికి నయమైతాదా?"

"నువ్వు పెట్టావా పెద్దమ్మా?"

"నా బిడ్డకి నేను పెడతానా?"

"మరి ఎందుకు ఒప్పుకుంటావు?"

"ఎందుకంటే ఏం చెప్పేది? వాడు తింటే చాలు."

చెప్పవచ్చో కూడదో తెలియలేదు. చెప్పేశాను.

"కాశమ్మ కూడా ఇక్కడికే వచ్చి నన్ను ఇదే మాట అడిగింది."

"ఏ మాట?"

"తను పెట్టకపోయినా ఒప్పుకుంటే ఆయనకి నయమవుతుందా అని."

తిరుపతమ్మ నా ముఖంలోకి చూసింది. "ఆ పిల్ల పెట్టలేదా?"

"లేదు."

"పెట్టకుండానే నలుగురిలో నిలబడి పెట్టినానని చెప్పిందా? ఎందుకు చెప్పింది?"

"నువ్విప్పుడు ఎందుకు చెబుతానంటున్నావు పెద్దమ్మా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చింది. దస్తగిరి గ్లాసుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి లోపలికి పోయాడు. నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. చాలాసేపటికి ఆమె నీళ్లు తాగి, కొంగు సర్దుకుని, స్తంభం పట్టుకుని లేచింది.

"కంభానికి బండి ఎప్పుడుంది నాయనా?"

"సాయంత్రం ఉంది. నీకెందుకు పెద్దమ్మా ఈ వయసులో అంత శ్రమ? వెంగయ్యను పంపు, వెళ్లి కాశమ్మను తీసుకొస్తాడు."

"వాడు పోతే ఆ పిల్ల రాదు" అంది తిరుపతమ్మ, మెట్లు దిగుతూ. "తరిమింది నేను. నేనే పోవాల."